వేలు పెట్టాక మిషన్‌లో ఏం జరుగుతుంది? మీ రేషన్ బియ్యం లెక్క

రేషన్ షాపుకు పోతాం, వేలు పెడతాం, చీటీ వస్తుంది, బియ్యం తెచ్చుకుంటాం. ఆ ఒక్క నిమిషంలో మన కార్డు లెక్క, షాపు స్టాకు లెక్క రెండూ కంప్యూటర్‌లో మారిపోతాయి. "బియ్యం ఇయ్యలేదు సారూ, కంప్యూటర్‌లో మాత్రం ఇచ్చినట్టు ఉంది" అనే ఫిర్యాదు ఎందుకు వస్తుందో తెలియాలంటే ఈ లెక్క తెలియాలి.

పాత రోజుల్లో స్టాకు రిజిస్టరు, అమ్మకాల రిజిస్టరు డీలరే చేతితో రాసేవారు. నెలాఖరున అంతా ఒక్కసారి కూర్చుని నింపినా పట్టుకోవడం కష్టం. ఇప్పుడు ఈ-పాస్ మిషన్ ఉంది. గోదాం నుంచి వచ్చిన సరుకు అందులో ఎక్కుతుంది. ఆ తర్వాత తీసివేతలన్నీ మీ వేలిముద్రతోనే.

ఉదాహరణకు ఒక షాపులో పాత నిల్వ 4 క్వింటాళ్లు, కొత్తగా వచ్చింది 80. మొత్తం 84. మీ కార్డులో నలుగురున్నారు. మనిషికి 6 కిలోల చొప్పున 24 కిలోలు. మీ వేలిముద్ర సరిపోయి, ఇచ్చినట్టు నమోదు కాగానే షాపు నిల్వ 83 క్వింటాళ్ల 76 కిలోలు అవుతుంది. మీ కార్డుకు ఆ నెల కోటా అయిపోతుంది. బియ్యం నిజంగా మీ సంచిలో పడ్డాయా లేదా అన్నది మిషన్‌కు కనపడదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. "వేలు ఇప్పుడు పెట్టు, బియ్యం ఎల్లుండి తీసుకుపో" అన్నారనుకోండి. మిషన్‌లో 24 కిలోలు తగ్గాయి, గదిలో తగ్గలేదు. ఇట్లాంటివి 50 కార్డులైతే 12 క్వింటాళ్లు, అంటే 50 కిలోల బస్తాలు 24. తనిఖీకి వచ్చినవాళ్లు బస్తాలు లెక్కపెట్టి మిషన్ అంకెతో పోల్చి చూస్తారు. గదిలో ఎక్కువున్నా తప్పే, తక్కువున్నా తప్పే. నిత్యావసర వస్తువుల చట్టం, 1955 కింద 6ఏ కేసు పెట్టవచ్చు. కానీ తనిఖీకి ముందే ఆ 24 బస్తాలు దాటిపోతే? రెండు లెక్కలూ చక్కగా సరిపోతాయి. రికార్డులో మీ వేలిముద్రే సాక్ష్యంగా ఉంటుంది, అదీ మీకు వ్యతిరేకంగా.

డీలర్లందరినీ అనుమానించమని కాదు. సరుకు ఆలస్యమై వాళ్లూ ఇబ్బంది పడతారు. అయినా సరే, కాంటా మీద జోకడం చూశాకే వేలు పెట్టండి. చీటీ అడిగి తీసుకోండి, అందులో కిలోలు చూసుకోండి. సర్వర్ రావట్లేదంటే వేలు కూడా తర్వాతే.

మిర్చి, పత్తి ఏరే పనులతో వేళ్లు అరిగినవాళ్లు ఐరిస్, అంటే కంటిపాపతో తీసుకోవచ్చు, అడగండి. పనికోసం హైదరాబాద్ పోయినవాళ్లు అక్కడి షాపులోనే తీసుకోవచ్చు. అప్పుడు తగ్గేది ఆ షాపు నిల్వ, మన ఊరిది కాదు.

2025 ఏప్రిల్ నుంచి ఇస్తున్నది సన్నబియ్యం, పూర్తిగా ఉచితం. అంత్యోదయ కార్డుకైతే మనుషుల లెక్క కాదు, కార్డుకు 35 కిలోలు.

తేడా వస్తే 1967కు ఫోన్ చేయండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి రండి. కార్డు నంబరు, షాపు నంబరు, వేలు పెట్టిన తేదీ రాసుకుని రండి. చీటీ పోయినా ఫర్వాలేదు, ఆ తేదీ చెబితే రికార్డులో వెతకవచ్చు.