స్వతంత్ర కథాసాహిత్యము, సినిమేతర సంగీతము : సమీక్షా పద్ధతి

గ్రంథ సమీక్షను ఉర్దూలో ‘తబ్సిరా’ అంటారు. ఆ మాటలో ‘బసర్’, అనగా చూపు ఉన్నది. తెలుగులోని ‘సమీక్ష’లో ‘ఈక్షణం’, అనగా చూపే ఉన్నది. విమర్శకు ఉర్దూలో ‘తన్‌ఖీద్’ అని పేరు. ఇది ‘నఖ్ద్’ అనే అరబ్బీ ధాతువు నుండి వచ్చినది. మంచి నాణేలను చెల్లని నాణేల నుండి వేరుచేయుట దాని పూర్వార్థం. ముందు బాగుగా చూడవలెను, తరువాత వేరుచేయవలెను. రెండు భాషలు చదివే మన విద్యార్థులకు సమీక్షా పద్ధతి ఈ మాటలలోనే కలదు.

నాణేన్ని పరీక్షించేవాడు అది ఎవరి సంచిలో నుండి వచ్చినదని అడుగడు. రాతిపై మోగించి వింటాడు. పెద్ద ప్రచురణ సంస్థ అండలేని పుస్తకాన్ని, సినిమాతో సంబంధం లేని పాటను పరిశీలించవలసిన తీరు కూడ ఇదే.

తెలంగాణలో స్వతంత్ర ప్రచురణకు పునాది వేసిన వారిలో వట్టికోట ఆళ్వారుస్వామి ముఖ్యులు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను తామే మోసుకొనిపోయి ఊరూర అమ్మినారు. 1955లో వెలువడిన వారి ‘ప్రజల మనిషి’ తెలంగాణ పల్లె జీవితాన్ని నవలకెక్కించినది. తరువాతి తరంలో సాహు, అల్లం రాజయ్యలు కలిసి, 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన గోండు వీరుని జీవితాన్ని ‘కొమురం భీం’ నవలగా వ్రాసినారు. 2004లో స్కైబాబ సంపాదకత్వాన ‘వతన్’ అనే ముస్లిం కథల సంకలనం వచ్చినది.

ఇట్టి పుస్తకాలకు సమీక్షకులు రెండు విధాల అన్యాయం చేయుదురు. పట్టించుకొనకపోవుట మొదటిది. చదువకయే మెచ్చుకొనుట రెండవది. ‘మనవాడు వ్రాసినాడు, నాలుగు మంచి మాటలు వ్రాద్దాం’ అనుకొనుట ఆదరణ వలె కనిపించును గాని, అది రచయితను చిన్నచూపు చూచుటయే. పరీక్షకు నిలువలేడని మనమే ముందుగా తీర్మానించినట్లగును.

ఏమి అడుగవలెను? ‘కొమురం భీం’ వంటి నవల చేతికి వచ్చినప్పుడు, ముగింపు పాఠకునికి ముందే తెలియును. కావున చరిత్ర గ్రంథం ఇవ్వలేనిది నవల ఏమి ఇచ్చినదని అడుగవలెను. నాయకుడు ఆకలిదప్పులు గల మనిషిగా కనిపించినాడా, పూలమాల వేసిన పటంగా మిగిలినాడా? ‘వతన్’ వంటి సంకలనంలో ఉర్దూ కలిసిన తెలుగును తప్పులుగా లెక్కించరాదు. ఆ మాట ఆ పాత్ర నోటికి తగినదా అని చూడవలెను. ఇంట ‘అమ్మీ’ అని పిలిచే బిడ్డ కథలో కారణం లేకుండ ‘మాతా’ అని పిలిచిన చోట రచయితను నిలదీయవలెను. అచ్చుతప్పులను మాత్రం ముద్రణాలయం ఖాతాలోనే వ్రాయవలెను.

పుస్తకం వలెనే పాటకు కూడ ఈ పరీక్ష అవసరం. మన ఇచ్చోడకు సమీపాన, ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో పుష్యమాస అమావాస్యకు నాగోబా జాతర జరుగును. ఈ ప్రాంతపు ప్రధాన్లు కమానుతో కిక్రీ వాయిస్తూ గోండుల వంశగాథలు పాడుదురు. 1940ల దశకంలో మార్లవాయిలో నివసించిన హైమండార్ఫ్ గోండుల పురాగాథలను వ్రాసికొని 1948లో గ్రంథంగా ప్రకటించినారు. గాథ అక్షరాలలో నిలిచినది గాని, గాయకుని కంఠం, కమాను కదలిక అక్షరాలకు అందవు. ఆ మార్లవాయికే చెందిన గుస్సాడి కళాకారులు కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ లభించినది. 2024లో వారు కన్నుమూసినారు. పురస్కారం కళాకారుని గౌరవించును. ఆ అడుగు ఎట్టిదో, ఆ వాద్యం నడక ఎట్టిదో తరువాతి వారికి తెలుపదు. ఆ పని సమీక్షకునిది.

మొహర్రం నాడు అలావా చుట్టూ పాడే పీరీల పాటలు మరొక ఉదాహరణ. కర్బలా దుఃఖాన్ని తెలంగాణ పల్లెలో హిందువులు, ముస్లిములు కలిసి తెలుగులో పాడుకొనుట ఈ నేల విశేషం. ఇట్టి పాటను సినిమా వాద్యబృందం కొలతతో కొలువరాదు. ఎవరు పాడినారు, ఏ సందర్భాన పాడినారు, ఏ వాద్యం తోడున్నది, విన్నవారు ఎక్కడ గొంతు కలిపినారు, ఇవి ముందుగా వ్రాయవలెను. రాత్రంతా సాగే గాథను ఐదు నిమిషాలకు కుదించి, యంత్రపు తాళం జోడించి విడుదల చేసినప్పుడు ఏమి పోయినదో, ఏమి మిగిలినదో చెప్పవలెను. జానపదమైనంత మాత్రాన ప్రతి పాడినవాడు గొప్పవాడు కాడు. తేడా తెలిసిన పెద్దలు ఆ సమాజంలోనే ఉందురు. వారిని అడిగి తెలిసికొనవలెను.

స్వంత ఖర్చుతో కొద్ది ప్రతులు వేసిన పుస్తకానికి, ఏ రికార్డుకూ ఎక్కని పాటకు ఒక పుట సమీక్షయే కడపటి సాక్ష్యం కావచ్చును. అది అబద్ధపు సాక్ష్యమైతే, సాక్ష్యం లేకపోవుట కంటె ఎక్కువ హాని. కావున ప్రతి విద్యార్థి ఈ సంవత్సరం ఒక చిన్న పుస్తకాన్ని గాని, తన ఊరి ఒక పాటను గాని ఎన్నుకొని, రెండుమార్లు చదివి లేక విని, తెలుగులోనో ఉర్దూలోనో ఒక పుట వ్రాయవలెనని కోరుచున్నాము. గ్రంథాలయంలో ఇట్టి పుస్తకాలకు ఒక అర కేటాయించవలసినదిగా కళాశాల కార్యవర్గం వారికి మనవి చేయుచున్నాము.