కంప్యూటర్‌కు దారి చూపేదెవరు?

ఒకే ఇంటి నెట్‌వర్క్‌లోని రెండు కంప్యూటర్లు నేరుగా మాట్లాడుకోగలవు. కాని గుంటూరులోని బంధువులకు ఈ-మెయిల్ పంపవలెనంటే, దానిని బయటి ప్రపంచానికి చేర్చే రౌటర్ అవసరం. ఆ రౌటర్ చిరునామా కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

తొలిరోజులలో సాధారణంగా ప్రతి యంత్రంలోనూ ఆ చిరునామాను మనుషులే నమోదు చేసేవారు. రౌటర్ మారితే అన్నిటినీ మరల దిద్దవలసి వచ్చేది. ఈ శ్రమను తప్పించుటకు 1991లో స్టీవ్ డీరింగ్ సంపాదకత్వంలో ఒక విధానం వెలువడింది. దాని ప్రకారం రౌటర్ సాధారణంగా ఏడున్నర నుండి 10 నిమిషాలకొకసారి తన ఉనికిని చాటుతుంది. అప్పుడే మేల్కొన్న కంప్యూటర్ అంతవరకు వేచియుండక, "రౌటర్లు ఉన్నాయా?" అని తానే అడుగవచ్చు. ఒక్కొక్క చాటింపు సాధారణంగా 30 నిమిషాలు చెల్లుతుంది. ఆలోగా మరొకటి వినబడకపోతే కంప్యూటర్ ఆ రౌటర్‌ను తన జాబితా నుండి తొలగిస్తుంది. కనుక చెడిపోయిన రౌటర్ పేరు అందులో శాశ్వతంగా నిలిచిపోదు.

నేడు ఐపీ నాలుగవ వెర్షన్‌లో ఈ చిరునామాను ఎక్కువగా డీహెచ్‌సీపీ సర్వర్ అందిస్తుంది. ఆరవ వెర్షన్‌లో మాత్రం చాటింపు పద్ధతియే ప్రధానం.

ఈ సౌలభ్యంలోనే ఒక ప్రమాదమున్నది. అదే నెట్‌వర్క్‌లో చేరిన మోసగాడెవరైనా "నేనే రౌటర్‌ను" అని చాటితే, అమాయకపు కంప్యూటర్ నమ్ముతుంది; దాని సమాచారమంతా అతని చేతిమీదుగా పోతుంది. చాటింపుపై డిజిటల్ సంతకముండే విధానం 2005లో వచ్చినా విస్తృతంగా వాడుకలోకి రాలేదు. దొంగ చాటింపులను స్విచ్చిలోనే ఆపివేసే పద్ధతిని 2011లో వివరించారు.

కావున విమానాశ్రయాలలో, హోటళ్లలో బ్యాంకు పనులు చేసుకొనేటప్పుడు, బ్రౌజర్ భద్రతా హెచ్చరిక చూపితే అక్కడే ఆగిపోవడం మేలు. పిలవగానే పలికినవారందరూ దారి చూపేవారు కారు.