డెలోరియన్ చల్లగా ఉండాలంటే

టైమ్ మెషీన్ అంటే మనకి ‘ఆదిత్య 369’. ఇంగ్లిష్ సినిమాలు చూసేవాళ్లకి మాత్రం ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’లో తలుపులు రెక్కల్లా పైకి లేచే కారు. దాని పేరు డెలోరియన్ డీఎంసీ-12. ఉత్తర ఐర్లాండ్‌లోని డన్‌మరీలో 1981లో తయారీ మొదలైంది. సుమారు 9 వేల కార్లు చేసేసరికి కంపెనీ దివాలా తీసింది. 1985లో సినిమా వచ్చేనాటికే ఆ కంపెనీ లేదు! మరి ఇప్పటికీ తిరుగుతున్న కార్లకి పార్టులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

అన్ని పార్టుల గురించి కాదు, కూలింగ్ సిస్టమ్ ఒక్కటే చూద్దాం. డోర్ హ్యాండిల్ దొరక్కపోయినా కారు నడుస్తుంది. నీళ్లు కారిపోతే అలా కాదు. ఇంజిన్ అల్యూమినియంది, బాగా వేడెక్కితే హెడ్ వంగిపోతుంది, గాస్కెట్ కాలిపోతుంది. ఒక్క రబ్బరు గొట్టం పగిలినందుకు మొత్తం ఇంజినే పోవచ్చు.

ఈ కారులో ఇంజిన్ వెనక, రేడియేటర్ ముందు. అంటే కూలెంట్ కారు పొడవునా వెళ్లి రావాలి. గొట్టాలు ఎక్కువ, జాయింట్లు ఎక్కువ, లీకయ్యే చోట్లు కూడా ఎక్కువే. బాడీ తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు, లోపల గొట్టాలేమో పాతబడి పగిలే రబ్బరు. నాకైతే ఇదో పెద్ద జోక్‌లా అనిపిస్తుంది.

పార్టులకి దారులు మూడు. ఒకటి, ఫ్యాక్టరీ మూతపడ్డాక మిగిలిన పాత స్టాకు. అందులో పెద్ద భాగం ఇప్పుడు టెక్సాస్‌లోని హంబుల్ అనే ఊళ్లో, అదే పేరుతో నడుస్తున్న వేరే కంపెనీ దగ్గర ఉంది. రెండు, కొత్తగా చేసిన నకళ్లు. మూడు, వేరే కార్ల పార్టులు. ప్యూజో, రెనో, వోల్వో కలిసి చేసిన వీ6 ఇంజిన్నే డెలోరియన్‌లో పెట్టారు కాబట్టి ఈ మూడో దారి కూడా ఉంది. కోడింగ్ చేసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: లైబ్రరీ ఒకటే, వెర్షన్లు వేరు. పేరు కలిసింది కదా అని తెచ్చి పెట్టేస్తే బోల్టు రంధ్రాలు కలవకపోవచ్చు. పాత పార్టు పక్కన పెట్టి కొలిచి చూశాకే డబ్బులివ్వాలి. గొట్టానికైతే లోపలి వ్యాసం కొలవాలి, బయటిది కాదు.

చాలామంది ‘ఒరిజినల్, సీల్ తియ్యలేదు’ అనగానే పడిపోతారు. లోహపు పార్టుకైతే ఆ మాట బాగానే ఉంటుంది. రబ్బరు మాత్రం పెట్టెలో ఉన్నా ముసలిదవుతుంది. 40 ఏళ్ల నాటి కొత్త గొట్టం కంటే నిన్న చేసిన నకలే నయం. సిలికాన్ గొట్టాలు ఇంకా ఎక్కువ కాలం వస్తాయి, కానీ వాటికి లోపలివైపు నున్నగా ఉండే క్లాంపులు కావాలి. మామూలు గాళ్ల క్లాంపు సిలికాన్‌ని కోసేస్తుంది.

పాత ప్లాస్టిక్ కూలెంట్ ట్యాంకు పగలడం డెలోరియన్ ఓనర్లందరికీ తెలిసిన కథే. దాని బదులు స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు అమ్ముతున్నారు. నా ఓటు దానికే, ఒరిజినల్ లుక్ పోయినా సరే. మూత కొనేటప్పుడు దాని మీది ప్రెజర్ అంకె చూడాలి. ప్రెజర్ పెరిగితే కూలెంట్ మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది, నిజమే. అలా అని ఎక్కువ అంకె ఉన్న మూత పాత ట్యాంకుకి పెడితే మరిగేలోపే ట్యాంకు పగులుతుంది.

ఫ్యాన్లని ఆన్ చేసే ‘ఆటర్ స్విచ్’ చిన్నదే. కూలెంట్ పైపులో రబ్బరు సీలు, ఒక క్లిప్పు పట్టుకుని ఉంటుంది. అది ఊడి బయటికొస్తే కూలెంటంతా రోడ్డు పాలు. స్విచ్ కొంటే కొత్త సీలు, క్లిప్పు కూడా తీసుకోవాలి.

అన్నిటికంటే కష్టం వాటర్ పంపు. దాని కింద ఉండే చిన్న రంధ్రంలోంచి చుక్కలు పడుతుంటే లోపలి సీలు పోయినట్టే. పంపుని చేరాలంటే పైన ఉన్న ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాలి. కింద ఉన్న ‘వి’ ఆకారపు లోయలో నీళ్లు నిలిచి అల్యూమినియం తినేస్తుంటాయి, అందుకే ఓనర్లు దానికి ‘మృత్యులోయ’ అని పేరు పెట్టారు. అంత పని చేసి ఒక్క పంపే మార్చి మూసేస్తారా? ఆ లోయలోని గొట్టాలు, గాస్కెట్లు, థర్మోస్టాట్ అన్నీ ఒకే ఆర్డర్‌లో తెప్పించుకుని, అవి చేతికొచ్చాకే మొదటి బోల్టు విప్పాలి.