చుట్లు కొయ్యకు, బరువు తూయించు

వనపర్తి

నరేశ్,

నీ పాత స్విఫ్ట్‌కు ఎంత గట్టి స్ప్రింగులు వెయ్యాలె అని అడిగినవు. గద్వాలలో నీ దోస్తు రెండు చుట్లు కోసేద్దామన్నడట. కొయ్యనియ్యకు. కోస్తే బండి కిందికి దిగుతది, చుట్లు తగ్గుతయి కాబట్టి స్ప్రింగు గట్టిపడుతది కూడా. ఎంత గట్టిపడ్డదో మాత్రం కోసినోనికే తెల్వదు. పైగా కోసిన కొన కప్పులో సరిగ్గ కూసోదు. చక్రం గాల్లోకి లేస్తే స్ప్రింగు జాగా తప్పుతది.

మలుపులో బండిని పట్టేది టైరు. ఆ టైరు నేల విడవకుండ చూసుడే స్ప్రింగు పని. నున్నటి తారు మీద గట్టి స్ప్రింగు అక్కరకొస్తది. ఎగుడుదిగుడు నేల మీద అదే టైరును ఎగరేస్తది. ట్రాకు మీద తిప్పాలె, ఆటోక్రాస్ కూడా ఆడాలె అని నువ్వు రాసిన రెండు కోరికలకు పొంతన లేదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకు 3.7 కిలోమీటర్ల తారు. మన దేశంలో ఆటోక్రాస్ ఎక్కువగ మట్టి మీదనే పెడతరు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది, యాదికుందా? ఊరి రోడ్డు మీద పందెమంటే అంత పెద్ద జట్లు కూడా నేల చూసే బండిని సిద్ధం చేసుకోవాలె. నువ్వు ముందు ఒక నేల తేల్చుకో.

స్ప్రింగులను పక్కపక్కన పెట్టి ఏది గట్టిదని చూస్తే ఏం తేలదు. బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతదన్నదే అసలు లెక్క. మామూలు కార్లు 1 నుంచి 1.5 సార్లు ఊగుతయి. రెక్కలు లేని ట్రాకు కారుకు 2 దగ్గర సరిపోతది. గాలి ఒత్తిడితో నేలకు అదుముకుపోయే రేసు కార్లు 3 దాటుతయి, వాటి జోలి మనకొద్దు. ఊపు రెట్టింపు కావాలంటే స్ప్రింగు నాలుగింతలు గట్టిగుండాలె.

ఇప్పుడు బరువు కావాలె. మీ దిక్కు పత్తి బండ్లు తూచే ధర్మకాంట ఉంటది గదా, అక్కడికి పో. నువ్వు సీట్ల కూసొని ముందు చక్రాలే ఎక్కించి తూయించు, తర్వాత మొత్తం బండి. అయిదు పది కిలోల తేడా వచ్చినా పర్వాలేదు. ముందు 640, వెనక 400 కిలోలు వచ్చిందనుకుందాం. ముందు ఒక్కో చక్రానికి 320. చక్రం, బ్రేకు, హబ్ బరువు ఓ 35 తీసేస్తే స్ప్రింగు మోసేది 285. దాన్ని 39.5తో, ఊపుల వర్గంతో గుణించు. 2 ఊపులకు మీటరుకు దాదాపు 45,000 న్యూటన్లు, అంటే మిల్లీమీటరుకు 45. వెనక 200లో 30 పోతే 170, ఊపు 2.2 పెడితే 32.5 వస్తది. వెనక ఎక్కువెందుకంటే, ఇది ముందు చక్రాలతో లాగే బండి. వెనక కొంచెం గట్టిగుంటే మలుపులో ముక్కు లోపలికి తిరుగుతది. మరీ గట్టిగ పెడితే వానలో తోక జారుతది, జర చూసుకో.

ఇవి చక్రం దగ్గరి అంకెలు. షాపులో వీటినే చెప్తే మోసపోతవు. చక్రం 100 మిల్లీమీటర్లు లేస్తే వెనక స్ప్రింగు 80 మాత్రమే నొక్కుకుంటే మోషన్ రేషియో 0.8, దాని వర్గం 0.64. 32.5ను దానితో భాగిస్తే 51. ముందు 0.95 ఉంటే 45 కాస్తా 50 అయితది. చూసినవా, వెనక బరువు అంత తక్కువున్నా స్ప్రింగు ముందుదానంతే గట్టిది కావాల్సి వచ్చింది! జాకీ పెట్టి నీ బండికి ఈ రేషియో నువ్వే కొలువు, నా అంకెలు నమ్మకు.

ఇప్పుడున్న స్ప్రింగు సంగతి తెలుసుకునేందుకు ఇంట్లనే ఉపాయముంది. వెనక సీటు మడిచి, సరిగ్గ యాక్సిల్ మీదికి వచ్చేటట్లు రెండు డీఏపీ బస్తాలు పెట్టు. బండిని రెండు మూడు సార్లు ఊపి వదిలి, హబ్ నుంచి మడ్‌గార్డ్ దాకా కొలువు. ఒక్కో దిక్కు 50 కిలోలు, అంటే 490 న్యూటన్లు. 25 మిల్లీమీటర్లు దిగితే చక్రం దగ్గర గట్టిదనం 20కి కొంచెం తక్కువ. యూరియా బస్తా 45 కిలోలే, లెక్క తప్పకు.

మట్టి మీదికే పోతనంటే ఊపు 1.5 చాలు, స్ప్రింగు గట్టిదనం దాదాపు సగానికి వస్తది, చక్రానికి కదిలే జాగా ఎక్కువ కావాలె.

స్ప్రింగు మార్చి కంపెనీ షాకబ్జర్లే ఉంచితే బండి ఎగిరెగిరి పడతది. రెండింటికీ కలిపి పైసలు లేకుంటే ఈ ఏడాది మంచి టైర్లు కొని ఊకో. పందెం లైసెన్సుకు దేశంలో మోటారు పందేలు చూసుకునే ఎఫ్‌ఎంఎస్‌సీఐకి పెట్టుకో. బీచుపల్లి కాడ హైవే మీద మాత్రం బండిని పరీక్షించకు, మీ అమ్మకు నేను జవాబు చెప్పలేను.

ధర్మకాంట చీటీ, రేషియో కొలతలు నాకు పంపు. అవి చూసేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇయ్యకు.

ఇట్లు,
మీ మామ