పాత నగల్లో ప్లాస్టిక్ – గుర్తుపట్టడం ఎలా?



ప్లాస్టిక్ అనగానే మనకు బక్కెట్టు, మగ్గు, క్యారీబ్యాగు గుర్తుకొస్తాయి. చవకైనది, వాడి పారేసేది అనే భావం మనలో పాతుకుపోయింది. కానీ దాదాపు వంద సంవత్సరాల క్రితం యూరప్, అమెరికాలలో ప్లాస్టిక్‌తో చేసిన గాజులు, పూసల దండలు, బ్రోచ్‌లు, కొప్పు దువ్వెనలు ఈనాడు పాతవస్తువుల సంతల్లో మంచి ధర పలుకుతున్నాయి. వాటిని కొనేవారైనా, మ్యూజియంలో భద్రపరిచేవారైనా ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది ఏ ప్లాస్టిక్? జవాబు తప్పితే డబ్బు పోతుంది. ఒక్కోసారి వస్తువు భగ్గున అంటుకుని చేయి కూడా కాలుతుంది. పరీక్షల కోసం మనం బట్టీపట్టే పాలిమర్ల పాఠం ఇక్కడ ఎలా పనికొస్తుందో చూద్దాం.

బంగారం, రత్నాలు కాకుండా చవక పదార్థాలతో చేసిన నగలను కాస్ట్యూమ్ జ్యువెలరీ అంటారు. మన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు, హైదరాబాదు లాడ్‌బజారు లక్కగాజులు ఈ కోవలోవే. లక్కను ప్రకృతి ఇచ్చిన ప్లాస్టిక్ అనవచ్చు. లక్కపురుగు స్రవించే ఈ పదార్థం వేడికి మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. మనిషి చేసిన ప్లాస్టిక్‌లు ఇటువంటి సహజ పదార్థాలకు బదులుగానే పుట్టాయి.

1. సెల్యులాయిడ్

19వ శతాబ్దంలో బిలియర్డ్స్ బంతులు, దువ్వెనలు, నగల కోసం ఏనుగు దంతానికి గిరాకీ విపరీతంగా పెరిగింది. దంతానికి బదులు పదార్థం కోసం వెతికిన అమెరికన్ జాన్ వెస్లీ హయత్ 1870లో సెల్యులాయిడ్‌కు పేటెంటు పొందాడు. దూది వంటి సెల్యులోజ్‌ను నత్రికామ్లంతో చర్య జరిపితే సెల్యులోజ్ నైట్రేట్ వస్తుంది. దానికి కర్పూరం కలిపితే సెల్యులాయిడ్ తయారవుతుంది. ఇది పలుచగా, తేలికగా ఉంటుంది. దంతాన్ని అనుకరించిన ముక్కల్లో సన్నని గీతలు వరుసగా, సమాంతరంగా కనిపిస్తాయి. అసలు ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన చోట గీతలు ఒకదానినొకటి ఖండించుకుంటూ వల అల్లినట్లు ఉంటాయి.

2. కేసీన్

పాలు విరిగితే వచ్చే ప్రోటీన్ కేసీన్. జర్మనీలో విల్‌హెల్మ్ క్రిషే అనే ముద్రాపకుడు బడిపిల్లలు రాసి కడుక్కునే తెల్లని పలక చేయాలని ప్రయత్నించాడు. అడాల్ఫ్ స్పిటెలర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి, కేసీన్‌ను ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరచే పద్ధతిని కనుగొన్నాడు. దీనికి గాలలిత్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో గాల అంటే పాలు, లితోస్ అంటే రాయి. అంటే 'పాలరాయి' అన్నమాట! గట్టిపడిన తరువాత దీన్ని అచ్చులో పోయలేరు, కోసి చెక్కవలసిందే. రంగులు చక్కగా పడతాయి కనుక బొత్తాలకు, నగలకు బాగా వాడారు. 1920, 30లలో జర్మనీలోని ఈడార్-ఓబర్‌స్టైన్‌లో యాకోబ్ బెంగెల్ కర్మాగారం క్రోమ్ గొలుసులతో, గాలలిత్ బిళ్లలతో చేసిన దండలు నేటికీ పేరున్నవి. దీని లోపం నీటిని పీల్చుకోవడం. ఎక్కువసేపు నానితే ఉబ్బుతుంది, ఆరినప్పుడు సన్నని పగుళ్లు వస్తాయి.

3. బేకలైట్

పూర్తిగా కృత్రిమమైన మొదటి ప్లాస్టిక్ ఇది. విద్యుత్ పరిశ్రమ పెరిగేకొద్దీ తీగలకు, పరికరాలకు పూయడానికి లక్క చాలలేదు. ఆ లక్కలో అధికభాగం మన దేశం నుండే వెళ్లేది. లక్కకు బదులు వెతుకుతూ లియో బేక్‌లాండ్ 1907లో ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లను వేడి, పీడనాలతో కలిపి బేకలైట్ సాధించాడు. 1909లో పేటెంటు వచ్చింది. ఇది థర్మోసెట్టింగ్ ప్లాస్టిక్, అంటే ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. ప్రెషర్ కుక్కర్ పిడి, పాత నల్ల స్విచ్చులు ఈ జాతివే.

పేటెంటు గడువు తీరాక 1927 నుండి కాటలిన్ అనే రకం వచ్చింది. ఇందులో రంపపుపొట్టు వంటి పూరకాలు లేవు కనుక నిండైన రంగులు సాధ్యమయ్యాయి. 1930లలో అమెరికాను ఆర్థికమాంద్యం కుదిపేసిన రోజుల్లో సామాన్య స్త్రీలు కొనుక్కున్న చెక్కడపు గాజులు ఎక్కువగా ఇవే. సేకర్తలు రెండింటినీ బేకలైట్ అనే పిలుస్తారు. గాలి, వెలుతురు తగిలి వీటి రంగు మారుతుంది. తెల్లనివి పసుపుపచ్చగా, నీలివి ఆకుపచ్చగా కనిపిస్తాయి.

4. తరువాత వచ్చినవి

సులభంగా అంటుకోని సెల్యులోజ్ ఎసిటేట్ సెల్యులాయిడ్ స్థానాన్ని ఆక్రమించింది. 1930ల చివర డ్యూపాంట్ కంపెనీ లూసైట్ అనే యాక్రిలిక్‌ను మార్కెట్లోకి తెచ్చింది. గాజులా తేటగా ఉండే నగలు దీనితో చేశారు.

పరీక్షించే క్రమం

కన్ను: అంచులను భూతద్దంతో చూడాలి. చెక్కిన బేకలైట్ గాజుకు సాధారణంగా అచ్చు అతుకుగీత ఉండదు. ఉంటే అనుమానించాలి.

చేయి, చెవి: బేకలైట్ చేతికి బరువుగా తగులుతుంది. రెండు గాజులు తట్టితే 'టక్' మని మందంగా మోగుతుంది. యాక్రిలిక్ చప్పుడు పలుచగా ఉంటుంది.

ముక్కు: బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది వెంటనే వాసన చూడాలి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. కార్బాలిక్ సబ్బు వంటి ఘాటు వస్తే బేకలైట్. మాడిన పాల వాసనైతే కేసీన్. వెనిగర్ పులుపు తగిలితే సెల్యులోజ్ ఎసిటేట్. ఏమీ రాకపోతే యాక్రిలిక్ కావచ్చు. వాసన తెలియకపోతే అంచును అర నిమిషం వేడినీటి ధార కింద పట్టి చూస్తారు. రాళ్లు అతికించినవి, లోహం ఉన్నవి తడపకూడదు. కేసీన్ అని అనుమానం ఉంటే వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

మెరుగు పేస్టు: లోహాలకు మెరుపుపెట్టే సిమిక్రోమ్ పేస్టును దూదికి అద్ది, కనిపించని చోట మెల్లగా రుద్దితే బేకలైట్ అయితే దూదికి పసుపు రంగు అంటుతుంది. పైన వార్నిష్ ఉన్నవాటికి, కొన్ని నల్లనివాటికి రంగు రాకపోవచ్చు. కనుక ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. రెండు మూడు కలిసి ఒకే మాట చెప్పాలి. బేకలైట్ పేరుతో కొత్త ప్లాస్టిక్ అమ్మేవారున్నారు గనుక ఈ జాగ్రత్త తప్పదు.

చేయకూడని పని

కాల్చిన సూదిని గుచ్చి చూసే పద్ధతి పాతది. దీన్ని ఎవరూ చేయరాదు. సెల్యులాయిడ్‌లోని నైట్రేట్ భాగంలోనే ఆక్సిజన్ ఉంటుంది. నిప్పు తగిలితే క్షణంలో మండుతుంది, ఆర్పడం కష్టం. ఒకనాటి సినిమా రీళ్లు ఈ పదార్థంతోనే చేసేవారు. ఆ రీళ్ల వల్ల ఎన్నో అగ్నిప్రమాదాలు జరిగాయి. అదీగాక సూది గుచ్చిన మచ్చ వస్తువుపై శాశ్వతంగా మిగిలిపోతుంది.

సెల్యులాయిడ్ పాతబడి చెడిపోతున్నప్పుడు ఆమ్ల వాయువులు వదులుతుంది. అవి పక్కనున్న లోహాన్ని తుప్పుపట్టిస్తాయి, ఇతర నగలను కూడా పాడుచేస్తాయి. పగుళ్లు, జిగట, లోహంపై ఆకుపచ్చ చిలుము కనిపిస్తే ఆ వస్తువును వేరుచేసి, గాలి ఆడే చల్లని చోట ఉంచాలి. మూసిన ప్లాస్టిక్ సంచిలో పెట్టరాదు.

చివరి మాట

మిత్రులారా, బేకలైట్ కనుగొన్న బేక్‌లాండ్ 1863లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు, తల్లి ఇళ్లలో పనిచేసేది. నగరం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో విశ్వవిద్యాలయంలో చేరి 21 ఏళ్లకే డాక్టరేట్ అందుకున్నాడు. స్కాలర్‌షిప్ విలువ మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. మన పుస్తకంలో 'ఫినాల్ + ఫార్మాల్డిహైడ్' అనే ఒక్క వరుస వెనుక ఇటువంటి జీవితం ఉంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సమీకరణాన్ని మార్కుల కోసమే కాక, చేతిలోని గాజును, వంటింట్లోని కుక్కర్ పిడిని గుర్తుపట్టడానికి కూడా చదవండి. అలా చదివింది పరీక్ష అయిపోయాక కూడా మనతోనే ఉంటుంది.