నీటి ఈగలలో అనిషేక జననం - చేపపిల్లల పెంపకంలో దాని ప్రాధాన్యం

కోరుకొండ వంటి మెట్ట ప్రాంతాలలో వర్షాధార చెరువులు వేసవిలో అడుగంటి, తొలకరి వానలకు మళ్ళీ నిండుతాయి. నీరు చేరిన కొద్ది రోజులకే వాటిలో మొయినా వంటి నీటి ఈగలు గుంపులుగా కనిపిస్తాయి. క్రస్టేషియా విభాగానికి చెందిన ఈ చిన్న ప్రాణులు ఇంత వేగంగా వృద్ధి చెందడానికి కారణం అనిషేక జననం. ఇదే విభాగానికి చెందిన నీలకంఠ రొయ్యలో మాత్రం సంతానోత్పత్తికి ఆడ, మగ రెండూ అవసరం.

పరిస్థితులు అనుకూలంగా ఉన్నప్పుడు నీటి ఈగలలో దాదాపు అన్నీ ఆడవే. మగదాని కలయిక లేకుండానే ఆడజీవి తన వీపు భాగంలోని సంతానకోశంలోకి గుడ్లను విడుదల చేస్తుంది. ఈ గుడ్లలో క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గదు. అందువల్ల ఫలదీకరణ జరగకుండానే అవి పిల్లలుగా ఎదుగుతాయి. ఆ పిల్లలు జన్యుపరంగా తల్లికి ప్రతిరూపాలు. సుమారు 26 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో మొయినా పిల్లలు 4-5 రోజులలోనే ప్రౌఢదశకు చేరి, తామూ పిల్లలను కంటాయి.

ఆహారం తగ్గినా, సంఖ్య మితిమీరినా ఈ క్రమం మారుతుంది. అప్పుడు మగ పిల్లలు పుడతాయి. లైంగిక ప్రత్యుత్పత్తి మొదలవుతుంది. ఫలదీకరణ చెందిన గుడ్లు ఎఫిప్పియం అనే గట్టి తొడుగులో భద్రపడి, చెరువు ఎండినా మట్టిలో సుప్తావస్థలో నిలిచి ఉంటాయి. నీరు వచ్చినప్పుడు వాటి నుండి మళ్ళీ ఆడవే వెలువడతాయి. డాఫ్నియాలోని ఈ రెండు విధానాలను, ఎఫిప్పియం నిర్మాణాన్ని జాన్ లబ్బక్ 1857లోనే వివరించారు.

బొచ్చె, శీలావతి చేపల చిరుపిల్లలకు నర్సరీ చెరువులో తొలి ఆహారం జంతు ప్లవకాలే. వాటి కొరత ఏర్పడితే పిల్లల మనుగడ దెబ్బతింటుంది. కాబట్టి నీటి ఈగలు ఉన్నాయా లేవా అని మాత్రమే కాక, అవి ఏ దశలో ఉన్నాయో కూడా భూతద్దంతో పరిశీలించాలి. వీపుపై జీను ఆకారంలో కనిపించే ముదురు మచ్చ ఎఫిప్పియం. దానిని సమృద్ధికి గుర్తుగా పొరబడరాదు; అది రాబోయే కొరతకు సూచన. ఆ గుడ్లు వెంటనే పొదగబడవు.

తొట్లలో మొయినాను పెంచేవారు రోజూ నాలుగో వంతుకు మించకుండా సేకరిస్తూ, మేతను కొద్దికొద్దిగా అందిస్తే రద్దీ తగ్గి అనిషేక జననం కొనసాగుతుంది. నర్సరీ చెరువులో ఎరువును ఒకేసారి కాక విడతలుగా వేయడం, మొయినా సంఖ్య పెరుగుతున్న దశలోనే చేపపిల్లలను వదలడం మేలు.