జాలి – జాలీ

ఈ రెండు మాటలు పైకి చదవండి.

జాలి
జాలీ

మొదటి మాటలో ‘ల’కు గుడి ఉంది. రెండో మాటలో గుడి దీర్ఘం ఉంది. తేడా అంతే. కానీ జాలి అంటే దయ, కనికరం. జాలీ అంటే సరదా, ఉల్లాసం.

హాస్టల్లో ఉన్న మీ అమ్మాయి ఫోనులో ఇలా రాసి పంపిందనుకోండి: “అమ్మా, మేమంతా బందరు వెళ్లాం. మంగినపూడి సముద్రం దగ్గర జాలీగా గడిపాం.” ఆ పిల్ల దీర్ఘం మరిచిపోతే “జాలిగా గడిపాం” అవుతుంది. పాపం, పిల్లకేం కష్టం వచ్చిందోనని మీరు బస్సెక్కి పరుగెత్తాలి!

జాలి మన మాట. జాలీ ఇంగ్లీషు మాట. ఇంగ్లీషు వర్తకులు 1611లో ఓడలో ఆ బందరు రేవుకే వచ్చారు. అంతకు చాలా ముందే ఈ మాట ఫ్రెంచి నుంచి వాళ్ల భాషలో చేరింది. నవ్వుతూ, నవ్విస్తూ ఉండే మనిషిని వాళ్లు జాలీ మనిషి అంటారు. మనం దానికి ‘గా’ తగిలించుకున్నాం. జాలీగా ఉన్నాం, జాలీగా తిరిగాం అంటాం.

దీనికి దగ్గర మాట జల్సా. అది ఉర్దూ నుంచి వచ్చింది. ఉర్దూలో జల్సా అంటే సభ. మన నోట పడి అర్థం మారింది. “కూలి డబ్బులన్నీ జల్సాలకు తగలేశాడు” అంటాం. ఇందులో మెచ్చుకోలు లేదు, తిట్టు ఉంది. ఇంట్లో బియ్యం లేనప్పుడు ఆయన చేసేది జల్సాయే. దాన్ని జాలీ అనకండి.

“జాలీ మగాళ్లకే గానీ మాకెక్కడిదమ్మా?” అంటారు కొందరు. మాట కొత్తదే గానీ ఆ సంబరం మన నాయనమ్మలు ఎరిగిందే. అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి ఉయ్యాల ఊగలేదా? నాట్లేసేటప్పుడు నడుము పడిపోతున్నా పాట ఆపారా? బెజవాడలో కార్తీకమాసం వస్తే కృష్ణలో పడవెక్కి భవానీ ద్వీపానికి వనభోజనాలకు వెళ్తారు. అక్కడ ఒక పేచీ ఉంది. మగవాళ్లు చెట్టు కింద పేకాట వేస్తారు. ఆడవాళ్లు పొయ్యి దగ్గరే ఉంటారు. ఇంట్లో వంటే, వనంలోనూ వంటే. ఇక జాలీ ఎవరిది? ఈసారి గరిటె వాళ్ల చేతికిచ్చి చూడండి.

ఖాళీలు నింపండి. జాలి రాయాలో, జాలీ రాయాలో చూసుకోండి.

తల్లి లేని దూడను చూస్తే ______ వేస్తుంది.
పిల్లలు కాలవలో ______గా ఈత కొడుతున్నారు.

ఈ ఏడాది మీరు జాలీగా గడిపిన రోజు ఏది? రెండు వాక్యాలు రాయండి. పక్కింటామెకు చదివి వినిపించండి.